గ్రీన్ కార్డా, అమెరికా పౌరసత్వమా: ఐదేళ్లు నిండిన తెలుగువారు తేల్చుకోవలసిన సంగతులు

"అమెరికాలోనే స్థిరపడేవారికి సిటిజెన్‌షిప్ కావాలి, ఎప్పటికైనా ఇండియాకు తిరిగి వెళ్లాలనుకునేవారికి గ్రీన్ కార్డు చాలు" అన్న మాట మనవాళ్ల మధ్య తరచుగా వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది కాని, చట్టం చూస్తే వ్యవహారం దాదాపు తలకిందులుగా ఉంది. గ్రీన్ కార్డు అమెరికాలో నివసించడానికి ఇచ్చిన అనుమతి కాబట్టి, అక్కడ నివాసం మానేసిన రోజున దాని పునాదే కదిలిపోతుంది. ఏడాదికి మించి బయట ఉండి వచ్చినవారిని ఆ కార్డు ఒక్కటే చూసి లోపలికి రానివ్వరు. ఏడాది లోపే వచ్చినా ఇల్లు, ఉద్యోగం, పన్ను రిటర్నులు అక్కడ లేవనిపిస్తే విమానాశ్రయంలోనే ప్రశ్నలు మొదలవుతాయి. అమెరికా పౌరుడు మాత్రం హైదరాబాదులో పదేళ్లు ఉండి వెళ్లినా, ఇన్నాళ్లు దేశంలో లేడన్న కారణంతో అతన్ని వెనక్కి పంపడానికి వీల్లేదు. అంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కదలకుండా ఉండేవారు గ్రీన్ కార్డుతో ఏళ్ల తరబడి గడిపేయవచ్చు. తల్లిదండ్రుల కోసమో వ్యాపారం కోసమో ఇండియాలో దీర్ఘకాలం ఉండి మళ్లీ రావాలనుకునేవారికే పౌరసత్వం ఎక్కువగా అక్కరకొస్తుంది.

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండినవారి ముందున్న దారులు రెండు కావు, మూడు. గ్రీన్ కార్డును పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటూ భారత పౌరులుగానే ఉండిపోవడం మొదటిది. ఎన్-400 దరఖాస్తుతో పౌరసత్వం తీసుకుని, ఆ తర్వాత విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇండియా ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తెచ్చుకోవడం రెండోది. ఇండియాకు శాశ్వతంగా వెళ్లిపోతూ ఐ-407 పత్రం దాఖలు చేసి గ్రీన్ కార్డును మర్యాదగా తిరిగి ఇచ్చేయడం మూడోది. ఈ మూడోదాన్ని మనవాళ్లు అసలు ఒక దారిగానే లెక్కించరు. ఏళ్ల తరబడి వరుసలో నిలబడి సంపాదించిన కార్డును వదులుకోవడానికి చేతులు రావు. కాని కొందరికి అదే సరైన దారి అని పన్నుల సంగతి దగ్గరకు వచ్చేసరికి అర్థమవుతుంది.

వీటి మధ్యలో రీ-ఎంట్రీ పర్మిట్ అనే నాలుగో మాట కూడా వినబడుతుంది. అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసుకుంటే దాన్ని రెండేళ్ల వరకు ఇస్తారు, అంతకాలం బయట ఉన్నందుకే గ్రీన్ కార్డు పోదు. అయితే అది కాపాడేది గ్రీన్ కార్డును మాత్రమే. పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసాన్ని అది కాపాడదు. పర్మిట్ ఉంది కదా అన్న ధీమాతో ఏడాదిన్నర ఇండియాలో ఉండి వచ్చి, వెంటనే ఎన్-400 వేయవచ్చనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

రోజుల లెక్క

సాధారణంగా ఐదేళ్లు శాశ్వత నివాసిగా ఉండాలి. అమెరికా పౌరులను పెళ్లి చేసుకుని వారితోనే కాపురం ఉంటున్నవారికి మూడేళ్లు చాలు. గడువుకు 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు వేయవచ్చు. ఆ ఐదేళ్లలో మొత్తం మీద కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండి ఉండాలి. ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లలో ఎక్కువమందికి ఇది అడ్డంకి కాదు. చిక్కంతా ఒకే విడతలో జరిగిన సుదీర్ఘ ప్రయాణాలతోనే వస్తుంది. ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగిపోయిందనే అనుమానంతో అధికారి మొదలుపెడతాడు, కాదని నిరూపించుకునే భారం మన మీద పడుతుంది; ఏడాది నిండితే లెక్క నిజంగానే తెగిపోతుంది, తిరిగి వచ్చిన తర్వాత కనీసం నాలుగేళ్ల ఒక రోజు ఆగాలి.

దరఖాస్తులో ఐదేళ్ల ప్రయాణాలన్నీ తేదీలతో సహా రాయాలి. మా ఇంట్లో ఈ పని చేసినప్పుడు భోజనాల బల్ల మీద రెండు పాస్‌పోర్టులు పరిచి, శంషాబాద్ ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి తేదీ కనబడని పేజీని సెల్‌ఫోన్ లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చదవవలసి వచ్చింది. చివరికి ఆ తేదీ ముద్రలో దొరకలేదు, పాత ఈమెయిల్లో పడి ఉన్న విమాన టికెట్టులో దొరికింది. బయల్దేరిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్న రోజులుగానే లెక్కకు వస్తాయి కాబట్టి, అంచు మీద ఉన్నవారు ఆ రెండు రోజులనూ వదులుకోనక్కరలేదు.

ఖర్చు విషయం పెద్దగా తూచనక్కరలేదు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన రుసుముల ప్రకారం ఎన్-400 ఆన్‌లైన్‌లో వేస్తే 710 డాలర్లు, కాగితం మీద వేస్తే 760; గ్రీన్ కార్డు పునరుద్ధరణకు ఆన్‌లైన్‌లో 415. రెండుసార్లు కార్డు పునరుద్ధరించుకునే డబ్బుతో పౌరసత్వమే వస్తుంది. పైగా ఎన్-400 వేసినట్టు ఇచ్చే రసీదు పాత కార్డుతో కలిపి 24 నెలల పొడిగింపుగా చెల్లుతుంది కనుక, కార్డు గడువు దగ్గరపడి, పౌరసత్వం తీసుకోవాలని ఎలాగూ నిర్ణయించుకున్నవారు విడిగా పునరుద్ధరణ రుసుము కట్టనక్కరలేదు.

పౌరసత్వ పరీక్ష గురించి భయం అనవసరం. 2025 అక్టోబర్ 20న గాని ఆ తర్వాత గాని దరఖాస్తు వేసినవారికి 128 ప్రశ్నల జాబితా నుంచి 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకు ముందు 100 ప్రశ్నల నుంచి పది అడిగి ఆరు సరైతే చాలనేవారు. ఎంసెట్ రాసినవారికి ఇది ఒక వారాంతపు పని.

పొలం సంగతి

మన ఇళ్లలో పౌరసత్వం మాట ఎత్తగానే ఊళ్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "మరి పొలం?" అన్నదే. ఈ ప్రశ్నకు తిరిగే జవాబుల్లో సగం నిజం, సగం పుకారు కలిసి ఉంటాయి కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

భారత పౌరసత్వ చట్టం, 1955లోని 9వ సెక్షన్ ప్రకారం, తనంతట తాను మరో దేశ పౌరసత్వం తీసుకున్న వ్యక్తికి భారత పౌరసత్వం ఆ క్షణమే పోతుంది. పాస్‌పోర్టు సరెండర్ చేసిన రోజున కాదు, అమెరికాలో పౌరసత్వ ప్రమాణం చేసిన రోజున. అంతవరకు అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం విదేశంలో నివసించే భారత పౌరుడు, అంటే ఎన్నారై కూడా, వ్యవసాయ భూమి గాని ఫామ్‌హౌస్ గాని తోట భూములు గాని కొనడానికి వీల్లేదు. కాబట్టి "సిటిజెన్‌షిప్ తీసుకుంటే పొలం కొనలేం" అని బాధపడే గ్రీన్ కార్డుదారుడు ఇప్పుడు కూడా కొనలేడు. హైదరాబాదులో ఫ్లాటు, విజయవాడలో ఇళ్ల స్థలం ఎన్నారై అయినా ఓసీఐ అయినా కొనుక్కోవచ్చు.

అసలు తేడా తిరిగి వెళ్లాక బయటపడుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు ఇండియాలో స్థిరపడి నివాసి అయిపోతే, అందరు రైతుల్లాగే పొలం కొనుక్కుంటాడు. ఓసీఐ కార్డు మీద తిరిగి వెళ్లినవాడికి కార్డు ఇచ్చే స్థిరాస్తి హక్కుల్లో వ్యవసాయ భూమి లేదు. రిటైరయ్యాక ఊరికి వెళ్లి నాలుగెకరాలు కొని మామిడితోట వేయాలన్న కోరిక నిజంగా ఉన్నవారు, అది వారాంతపు కబుర్లలో పుట్టే కోరిక కాదని తమకు తామే రూఢి చేసుకున్నవారు, ఈ ఒక్క కారణంతోనే ఆగిపోవచ్చు.

వారసత్వంగా వచ్చే పొలానికి ఈ అడ్డు లేదు. తండ్రి తదనంతరం ఓసీఐ కొడుకుకు గాని కూతురికి గాని వాటా వస్తుంది, ఉంచుకోవచ్చు. అమ్మవలసి వస్తే మాత్రం ఇండియాలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి. ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి: తండ్రి బతికుండగానే "నా చేతుల మీదుగా ఇచ్చేస్తే నాకు నిశ్చింత" అని వ్యవసాయ భూమిని అమెరికాలోని బిడ్డ పేరున గిఫ్ట్ డీడ్ రాసేస్తాడు. ఎన్నారైకి గాని ఓసీఐకి గాని వ్యవసాయ భూమి బహుమతిగా ఇవ్వడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. ఒప్పుకునేది వారసత్వాన్ని మాత్రమే. కాబట్టి రాయవలసింది వీలునామా.

కాగితాల దగ్గర మరొక చిన్న తేడా ఉంది, అది చిన్నదిగా కనిపించినా బాగా తిప్పుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై ఇండియాలో దిగిన మర్నాడే ఆధార్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఓసీఐకి అయితే దరఖాస్తుకు ముందటి పన్నెండు నెలల్లో కనీసం 182 రోజులు ఇండియాలో ఉండి ఉండాలి. రిజిస్ట్రేషన్లు, బ్యాంకు పనులు, పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మార్పు వంటివాటికి అడుగడుగునా ఆధార్ అడుగుతున్న ఈ రోజుల్లో, మూడు వారాల సెలవు మీద వెళ్లిన ఓసీఐ ఆధార్ లేకుండా ఎంత తిరగాలో తిరిగినవారిని అడగండి.

ఓసీఐ కార్డు ఎంతవరకు

ఓసీఐ ద్వంద్వ పౌరసత్వం కాదు. పేరులో సిటిజన్ అన్న మాట ఉండడం వల్ల కలిగే భ్రమ అది. జీవితకాలం చెల్లే వీసా, ఎన్నాళ్లయినా ఉండే వీలు, ఉద్యోగం, వ్యాపారం చేసుకునే అవకాశం, విదేశీయుల రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు దీనివల్ల వస్తాయి. ఓటు ఉండదు, ఎన్నికల్లో నిలబడే వీలుండదు, ప్రభుత్వోద్యోగాలు సాధారణంగా ఉండవు. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం పత్రికా రచన, పరిశోధన, పర్వతారోహణ, మత ప్రచారం వంటి పనులకు ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అదే నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ వంటి పరీక్షల తర్వాత ఓసీఐ విద్యార్థులు ఎన్నారై సీట్లకో అదనపు సీట్లకో పోటీ పడవచ్చు గాని, భారత పౌరులకు మాత్రమే ఉద్దేశించిన సీట్లకు కాదు. పిల్లలను ఇండియాలో మెడిసిన్ చదివించాలనుకునేవారు దీన్ని ముందే చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, పౌరసత్వం హక్కు, ఓసీఐ ప్రభుత్వం ఇచ్చే సౌకర్యం. 2025 ఆగస్టులో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, రెండేళ్లు లేదా అంతకు మించిన జైలు శిక్ష పడినా, ఏడేళ్లు లేదా అంతకు మించిన శిక్షకు వీలున్న నేరంలో చార్జిషీటు దాఖలైనా ఆ కార్డును రద్దు చేయవచ్చు. శిక్ష పడనక్కరలేదు, చార్జిషీటు చాలు. అన్నదమ్ముల భూ తగాదాల్లో మోసం కేసు పెట్టడం మన ఊళ్లలో ఎంత మామూలో తెలిసిన విషయమే. భారతీయ న్యాయ సంహితలో మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఊళ్లో తగాదా నడుస్తున్నవారు ఈ సంగతి మనసులో పెట్టుకుని న్యాయవాదితో మాట్లాడాలి.

ఓటు గురించి ఒక మాట. ఎన్నారైలు ఫారం 6ఎ ద్వారా స్వగ్రామంలో ఓటరుగా నమోదు కావచ్చు, కాని ఓటు వేయడానికి పోలింగ్ కేంద్రానికి స్వయంగా వెళ్లాలి. ఏనాడూ నమోదు చేసుకోని ఓటు పోతుందని బాధపడడం కంటే, తమ పిల్లలు చదివే బడి బోర్డుకు ఎవరు ఎన్నికవుతున్నారో తేల్చే ఓటు రావడం మేలని నా అభిప్రాయం. ఇందులో నాతో ఏకీభవించనివారు మా ఇంట్లోనే ఉన్నారు.

తిరుగు దారి కూడా పూర్తిగా మూసుకుపోదు. ఐదేళ్లు ఓసీఐగా ఉండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇండియాలో నివసించినవారు మళ్లీ భారత పౌరసత్వం కోరవచ్చు; అప్పుడు అమెరికా పౌరసత్వాన్ని వదులుకోవాలి.

కుటుంబం, పన్నులు

పిల్లలు ఇండియాలో పుట్టి గ్రీన్ కార్డు మీద ఉంటే, ఆలోచన వదిలి వెంటనే దరఖాస్తు వేయవలసిన సందర్భం ఇదొక్కటే అంటాను. పద్దెనిమిదేళ్లు నిండకముందు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే, వారి సంరక్షణలో వారితో అమెరికాలోనే ఉంటున్న గ్రీన్ కార్డు పిల్లలకు పౌరసత్వం దానంతట అదే వస్తుంది. పద్దెనిమిదో పుట్టినరోజు దాటితే వాళ్ల దరఖాస్తు వాళ్లదే, వాళ్ల నిరీక్షణ వాళ్లదే. ఇంట్లో పదహారేళ్ల పిల్లవాడుంటే ఇంటర్వ్యూకు పట్టే కాలాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తెప్పించే హక్కు 21 ఏళ్లు నిండిన పౌరులకే ఉంటుంది, అక్కడ వరుస లేదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పౌరులే వేయగలరు, కాని ఆ వరుస ఇండియాలో పుట్టినవారికి పదిహేనేళ్ల పైమాటే కనుక దానికోసం పౌరసత్వం తీసుకోవడం అనవసరం. తల్లిదండ్రుల విషయంలోనూ తొందర వద్దు. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ ఉండే పెద్దవాళ్లకు గ్రీన్ కార్డు కంటే పదేళ్ల విజిటర్ వీసాయే సుఖం. రాకపోకలు ఎక్కువైన కొద్దీ కార్డు నిలబెట్టుకోవడం ఒక దిగులుగా మారుతుంది. వాళ్లు పౌరసత్వం దాకా వెళ్లాలనుకున్నా భాష అడ్డొస్తుంది. యాభై ఏళ్లు దాటి ఇరవై ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నవారు, యాభై అయిదు దాటి పదిహేనేళ్లుగా ఉన్నవారు ఇంగ్లీషు పరీక్ష లేకుండా తెలుగు దుబాసీతో జవాబులు చెప్పవచ్చు. అరవై అయిదు దాటి ఇరవై ఏళ్లుగా ఉన్నవారికి ఇరవై ప్రశ్నల చిన్న జాబితాయే. కాని అరవై రెండేళ్లకు గ్రీన్ కార్డు వచ్చిన తల్లికి పదిహేనేళ్ల మినహాయింపు రావాలంటే డెబ్బై ఏడు రావాలి.

పన్నుల విషయంలో గ్రీన్ కార్డుకూ పౌరసత్వానికీ అమెరికాలో ఉన్నంతకాలం తేడా దాదాపు లేదు. ఇద్దరూ ప్రపంచవ్యాప్త ఆదాయం చూపాలి, ఇండియాలోని ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. ఆస్తిపరులకు మాత్రం ఒక తేడా ఉంది: భర్త పోతే భార్యకు వచ్చే ఆస్తి మీద ఎస్టేట్ పన్నుకు ఉన్న పరిమితి లేని మినహాయింపు, ఆ భార్య అమెరికా పౌరురాలైతేనే వర్తిస్తుంది.

వెళ్లిపోయేటప్పుడు దారులు విడిపోతాయి. పౌరుడు కాకినాడలో ఉన్నా ఏటా అమెరికాకు రిటర్ను వేస్తూనే ఉండాలి. గ్రీన్ కార్డును ఐ-407తో తిరిగి ఇచ్చేసినవాడికి ఆ బాధ్యత ముగుస్తుంది. అయితే గడచిన 15 పన్ను సంవత్సరాల్లో 8 సంవత్సరాలు కార్డు ఉన్నవారిని దీర్ఘకాల నివాసులుగా లెక్కించి, 20 లక్షల డాలర్ల నికర ఆస్తి వంటి పరీక్షల్లో ఏదైనా తగిలితే నిష్క్రమణ పన్ను వేస్తారు. ఇంటి విలువ, 401కె రిటైర్మెంటు పొదుపు కలిపితే ఆ సంఖ్యకు చేరడం ఈ రోజుల్లో వింత కాదు. మళ్లీ రానని గట్టిగా అనుకున్నవారు ఎనిమిదో ఏడు మొదలుకాకముందే కార్డు ఇచ్చేయడం మంచిది.

ఎవరు ఆగాలి

దరఖాస్తు వేయడమంటే మన పాత ఫైలును మనమే తెరిపించడం. ఎప్పుడో దుకాణంలో చిన్న దొంగతనం కేసు, ఇంట్లో గొడవైతే పక్కవాళ్లు పోలీసులను పిలిచిన ఉదంతం, మద్యం తాగి బండి నడిపిన కేసు, కొట్టేసిన కేసులతో సహా ఏది ఉన్నా ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి చూపాలి. గ్రీన్ కార్డు ఏ కంపెనీ స్పాన్సర్ చేసిందో ఆ కంపెనీలో నిజంగా పనిచేయనివారు కూడా అంతే. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్లో అడిగిన ప్రశ్నకు అలవాటుగా అవునని చెప్పి ఓటరు జాబితాలోకి ఎక్కినవారు, అందులోనూ ఓటు వేసినవారు, దరఖాస్తు తిరస్కరణతోనే ముగిసిపోని ప్రమాదంలో ఉన్నారు. వీళ్లకు నా సలహా ఒక్కటే: న్యాయవాది సరే అనేదాకా గ్రీన్ కార్డే.

మిగిలినవారిలో, ఇండియాలో రెండు మూడేళ్లు ఉండి మళ్లీ రావలసి ఉంటుందని అనుకునేవారు వెళ్లకముందే పౌరసత్వం పూర్తి చేసుకోవాలి. అమెరికాలోనే ఉండేవారు పిల్లల వయసును, కేసులు లేని చరిత్రను చూసుకుని తీరిగ్గా తీసుకోవచ్చు. పొలం కొనాలని, ఊరికి పోవాలని నిశ్చయించుకున్నవారు అసలు తీసుకోకూడదు.

ప్రమాణం చేసిన రోజు తర్వాత

దరఖాస్తు వేసే ముందు తెలుసుకోవలసిన చివరి సంగతి ఇది. ప్రమాణం రోజున గ్రీన్ కార్డు తీసేసుకుంటారు, భారత పాస్‌పోర్టు ఆ రోజు నుంచి వాడకూడదు, అమెరికా పాస్‌పోర్టు ఇంకా చేతికి రాదు. పాస్‌పోర్టు వచ్చాక భారత పాస్‌పోర్టును సరెండర్ చేసి ఆ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ తర్వాత ఓసీఐ. మొత్తం నెలల పని. ఆ మధ్యలో ఒక రాత్రి కరీంనగర్ నుంచో గుంటూరు నుంచో "నాన్నను ఐసీయూలో పెట్టారు" అని ఫోన్ వస్తే ఏం చేస్తామన్నది ముందే ఆలోచించి పెట్టుకోవాలి. అమెరికా పాస్‌పోర్టు ఉంటే ఇండియా ఈ-వీసా మీద వెళ్లవచ్చు, కాబట్టి ప్రమాణం అయిన వారంలోపే పాస్‌పోర్టుకు వేగవంతపు రుసుము కట్టి దరఖాస్తు వేయాలి. నాచురలైజేషన్ సర్టిఫికెట్ అసలు ప్రతి ఆ దరఖాస్తుతో పాటే వెళ్లిపోతుంది. ఓసీఐకి అదే మళ్లీ అడుగుతారు గనుక, ప్రమాణం జరిగిన హాలు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే ఆగి దానికి, పాత పాస్‌పోర్టు మొదటి చివరి పేజీలకు నాలుగేసి కాపీలు తీసిపెట్టుకోండి.